కుళ్ళని సగం

కెలెరా అక్క పట్టుబట్టకపోతే, ఫిజీలో లౌటోకా పట్నం అంచునున్న మా నాదోగో పేటలో, వాగు అవతలి వరస ఇళ్ళు ఉండేవే కావు. అదంతా మడ అడవి అంచు. పోటు వస్తే మోకాలి లోతు ఉప్పునీళ్ళు, ఆటుకు పీతల బొరియలు. లౌటోకాలో అద్దె కట్టలేని వాళ్ళు తప్ప ఆ బురద వైపు చూసేవాళ్ళు లేరు. చెరకు భూమి లీజు అయిపోయి, రెండు మంచాలూ ఒక మేకతో మా మామగారు సుబర్మని పట్నం చేరినప్పుడు, "మా పక్కన వేసుకో మామా, కావలసినంత బురద ఉంది" అని చోటు చూపించింది ఆవిడే. ఆమెది ఫిజీ కుటుంబం, మాది ఇండియన్ల కుటుంబం. మా రెండు వంటిళ్ళ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. మా రొట్టెలు అటు వెళ్ళేవి, వాళ్ళ కర్రపెండలం ఇటు వచ్చేది. నా భర్త చేపల పడవ మీద ఏడాదిలో సగం సముద్రంలోనే ఉంటాడు కాబట్టి, నా కూతురు జోష్నా పెరిగిందంతా కెలెరా అక్క వాళ్ళమ్మ ఒళ్ళోనే. ఆవిడను ఊరంతా బూబూ అనే పిలిచేది, అంటే అమ్మమ్మ.

అక్కా నేనూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. సేఠ్ జయంతిలాల్ గారిది. వాగు మీదుగా మట్టికట్ట వేసి రోడ్డు పోశారు. ఆ రోడ్డుకు పైవైపు మా ఇళ్ళు, కిందవైపు ఫ్యాక్టరీ, దాని వెనక సముద్రం. ఆస్ట్రేలియా ఆస్పత్రులకూ హోటళ్ళకూ బడులకూ మేం యూనిఫారాలు కుట్టేవాళ్ళం. అక్క కటింగ్ గదికి పెద్ద. నాది కాజాల మిషను. గుడ్డ దాదాపు అంతా ఒకటే రకం, సగం నూలు, సగం పాలియెస్టరు. చిరగదు, ముడత పడదు, ఉతికితే గంటలో ఆరుతుంది. కొనేవాళ్ళకు అదే కావాలి.

తాను పరిచి చొక్కాలు కోస్తే చంకల దగ్గరా మెడల దగ్గరా ముక్కలు మిగులుతాయి, కొలత తప్పిన చేతులూ కాలర్లూ జేబులూ కూడా పక్కకు పడతాయి. రోజుకు గోనెలకు గోనెలు. పట్నం చెత్తదిబ్బ వాళ్ళు ఆ గోనెలు వద్దన్నారు. అవి లోపల్లోపల రాజుకుని వారాల తరబడి నల్లపొగ చిమ్ముతున్నాయట. సేఠ్ తల పట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే అక్క వెళ్ళి అడిగింది.

"ఆ గోనెలేవో మా వాకిళ్ళలో పోయించండి సేఠ్. మట్టి కొనలేక చస్తున్నాం. నేల ఎత్తు పెరుగుతుంది."

"అడగడమే నీ వంతు అమ్మాయ్, లారీ నాది," అన్నాడాయన, ఊపిరి పీల్చుకుని.

అలా వచ్చాయి. బురద మీద గోనెలు, వాటి మీద పగడపు మట్టి. ఎంతైనా గుడ్డేగా, రెండు వానాకాలాలు పోతే అదీ మట్టైపోతుందని అందరం నమ్మాం. మొదట్లో నేల గట్టిగానే ఉంది. మామగారు తోటకూర వేశారు. అక్క వాళ్ళ తమ్ముడు వైసేయా, రేవులో మూటలు మోసేవాడు, సాయంత్రాలు అక్కడే చాప పరిచి యాంగోనా, వేళ్ళు దంచి చేసే మత్తు పానీయం, కలిపేవాడు.

మూడో ఏడు మామగారు స్నానాల గది కోసం గొయ్యి తవ్వుతూ నన్ను కేకేశారు.

"సలోచనా, ఇట్రా. ఇదేంటో చూడు."

ఆయన చేతిలో ఒక ముక్క. చొక్కా చంక వంపు ఎలా కోశామో అలాగే ఉంది. కానీ బరువు లేదు. కళ్ళకెదురుగా పెట్టుకుంటే అవతల ఆకాశం కనిపిస్తోంది. నూలు సగం మట్టిలో కలిసిపోయింది. మిగతా సగం సాలెగూడులా మిగిలింది. లాగితే సాగింది గానీ తెగలేదు. గొయ్యి లోపలంతా అదే. కాలు వేస్తే తడిసిన పరుపులా దిగబడి, తీస్తే మళ్ళీ లేస్తోంది.

వైసేయా దాన్ని మామగారి భుజం మీద వేసి నవ్వాడు. "నీ రెండో పెళ్ళికి ఇదే వేసుకో మామా. గాలి బాగా ఆడుతుంది."

"ముందు నీ మొదటి పెళ్ళి కానియ్యరా. పిల్లనిచ్చేవాడు దొరకాలిగా," అన్నారు మామగారు.

కెలెరా అక్క నవ్వలేదు. ఆ ముక్కలు పట్టుకుని పట్నమంతా తిరిగింది. పరుపులు కుట్టేవాడు వేళ్ళతో నలిపి చూసి, నూలు విడిగా తెస్తే కొంటానన్నాడు. ఒకే దారంగా వడికిన రెండింటిని ఎవరు విడదీస్తారు? మెకానిక్కులు నూనె తుడవడానికి కూడా వద్దన్నారు. పీల్చదట. పొయ్యిలో వేసి చూస్తే కరిగి నల్లగా బొట్లు బొట్లుగా కారింది. ఆ పొగకు బూబూ రెండు రోజులు దగ్గింది.

"అవి విడదీసే యంత్రాలు ఎక్కడో ఉన్నాయంటారు అమ్మాయ్," అన్నాడు సేఠ్. "మన దీవుల్లో లేవు. నన్నేం చెయ్యమంటావు? చొక్కాలు కొనేవాడు వేరే గుడ్డ ఒప్పుకోడు."

అక్క లారీని మా వాడకు రానివ్వడం మానేసింది. కానీ అప్పటికే కింద పోసింది కిందే ఉంది.

ఆ ఏడు తుఫాను మా మీదికి రాలేదు. ఉత్తరాన దీవుల మీదుగా ఒరుసుకుంటూ వెళ్ళిపోయింది. రేడియోలో గండం గడిచిందన్నారు. అయినా దాని వెనక వచ్చిన వాన మాత్రం కదలనని కూర్చుంది. మర్నాడు కూడా తెరిపి లేదు. మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాక్టరీ మూసేశారు. అక్కా నేనూ ఒకే రేకు నెత్తిన పట్టుకుని రోడ్డు మీదికి ఎక్కాం.

రోడ్డు మీద జనం ఉన్నారు. అందరూ ఒకే వైపు చూస్తున్నారు.

వాగు కనిపించడం లేదు. కట్టకు పైవైపు అంతా ఒకటే గోధుమరంగు నీరు, చెరకు తోటల దాకా. మా వరసకు వెళ్ళే చెక్క వంతెన లేదు. ఇళ్ళు కిటికీల దాకా మునిగాయి. ఇటు తిరిగి కట్టకు కిందవైపు చూస్తే, నీళ్ళు పాదాలు తడిపేంత కూడా లేవు. రోడ్డు కింద వాగు పోవడానికి రెండు పెద్ద సిమెంటు గొట్టాలున్నాయి. రెండూ మూసుకుపోయాయి.

"దేంతో మూసుకుపోయాయి?" అన్నాను.

అక్క నీళ్ళ వైపు చెయ్యి చూపింది. మా వాకిలి ఉండాల్సిన చోట ముందు ఒక పెద్ద బుడగ లేచింది. తర్వాత ఒక గోనె మూతి. గోనె బోర్లపడి విచ్చుకుంది. చొక్కా చేతులూ కాలర్లూ జేబులూ నీళ్ళ మీద పరుచుకుని, మెల్లగా తిరుగుతూ, గొట్టాల వైపు బయల్దేరాయి. ఇంకో బుడగ. ఇంకో గోనె.

అప్పుడు మామగారి గొంతు వినిపించింది. అక్క వాళ్ళ వరండాలో, బల్ల మీద నిలబడి ఉన్నారు. భుజాల మీద జోష్నా. పక్కన ఇంకో బల్ల మీద కుర్చీ, కుర్చీలో బూబూ.

"సలో! పాప నా దగ్గరే ఉంది! ఏం భయం లేదు!"

తర్వాత, ఆడవాళ్ళు వినొద్దన్నట్టుగా, రోడ్డు మీది జనంలో ఉన్న వైసేయాను పేరుపెట్టి పిలిచారు. "ఒరేయ్ వైసేయా! ఇల్లు కదుల్తోందిరా! కింద నేల లేస్తోంది!"

నేను నీళ్ళలోకి దూకబోతే ఎవరో నా జడ పట్టుకుని లాగారు. అక్కే. నేను తిరిగి ఆవిడను రెండు చేతులతో కొట్టాను.

"నువ్వే తెప్పించావు! ఆ చెత్త నువ్వే తెప్పించావు!"

"అవును," అంది అక్క. "తర్వాత ఎంత కొడతావో కొట్టు. ఇప్పుడు నా వెంట రా."

ఫ్యాక్టరీ గేటు దగ్గర మట్టి తవ్వే యంత్రం ఒకటి నిలబడి ఉంది. కొత్త గోదాముకు పునాదులు తియ్యడానికి సేఠ్ అద్దెకు తెచ్చాడు. దాని డ్రైవరు లోపల కూర్చుని వాన చూస్తున్నాడు. సేఠ్ గొడుగు కింద, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గొట్టాల వైపు చూస్తున్నాడు.

"రోడ్డు కోయించండి సేఠ్," అంది అక్క. "ఇప్పుడే. పోటు మొదలైంది. సముద్రం కిందనుంచి పైకొచ్చాక కోసినా నీళ్ళు దిగవు."

ఆయన ఆవిడ వైపు చూశాడు. తర్వాత ఫ్యాక్టరీ వైపు.

"కోస్తే ఎటు పోతాయి? తిన్నగా మన కటింగ్ గదిలోకి. మూడు ఆర్డర్ల తానులు కింద పేర్చి ఉన్నాయి. మిషన్లున్నాయి. రేపు మీరంతా ఏం తింటారమ్మాయ్?"

"అటు మా అమ్మ ఉంది. దీని బిడ్డ ఉంది. ఇంకా నాలుగిళ్ళ వాళ్ళున్నారు."

"ఉన్నారు. కనిపిస్తున్నారు. నేను గుడ్డివాణ్ణి కాదు. ముందు గొలుసేసి లాగి చూద్దాం. గొట్టం తెరుచుకుంటే ఎవరికీ నష్టం ఉండదు."

నాకు బాధేసింది ఆయన మాటకు కాదు. నా వెనక, నా పక్క మిషను మీద కుట్టే లలిత, మెల్లగా, "ఆయన చెప్పిందీ నిజమేగా," అంది. ఇంకో ఇద్దరు తలలూపారు. వాళ్ళ ఇళ్ళు గుట్ట మీద ఉన్నాయి. ఫ్యాక్టరీ మునిగితే వాళ్ళకూ పొయ్యి వెలగదు. నేను వాళ్ళ మొహాలు చూడలేకపోయాను. పోలీసులకు ఫోను చేసినవాడు, పట్నం నడిబొడ్డునే నీళ్ళున్నాయట, పడవలు ఇటు రావట అని చెప్పాడు.

వైసేయా అప్పటికే చొక్కా విప్పేశాడు. లారీ వెనక్కి తెచ్చారు. నడుముకు తాడు, చేతిలో చెరకు కత్తి, భుజం మీద గొలుసు కొక్కెం. చేపల కోసం పగడపు గుట్టల కిందికి ఒక్క ఊపిరితో దిగే మనిషి. గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి, అక్క వైపు చూసి కన్ను కొట్టాడు.

"అక్కా, నేను పోతే నా సైకిలు మామకిచ్చెయ్. ఆయనకు తొక్కడం రాదు, ఏడుస్తాడు."

"నోర్ముయ్. జాగ్రత్త."

మునిగాడు. తాడు వదులైంది, బిగిసింది, మళ్ళీ వదులైంది. పైకొచ్చి గాలి పీల్చాడు.

"గుడ్డ కాదక్కా, గోడ! పేనుకుపోయింది. కోస్తుంటే తెగట్లేదు, సాగుతోంది."

మళ్ళీ మునిగి కొక్కెం తగిలించాడు. లారీ లాగింది. గొలుసు బిగిసి కూత పెట్టింది. పైకి వచ్చింది ఒక చాపంత ముక్క, దాన్నుంచి వేలాడుతూ చెరకాకు, కొమ్మలు, ఒక పిల్లి కళేబరం. నీళ్ళు అంగుళం కూడా కదలలేదు. రెండోసారీ అంతే. అవతల మామగారు ఇప్పుడు కేకలు వెయ్యడం లేదు. జోష్నా ఏడుపు మాత్రం నీళ్ళ మీదుగా సన్నగా వస్తోంది. ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. రేకు కప్పు అంచు నీటిని తాకుతోంది.

మూడోసారి దిగినవాడు పైకి రాలేదు.

తాడు బిగిసి వణికింది. పట్టుకున్న మగవాళ్ళు లాగారు. రాలేదు. అక్క తాడు పట్టుకుని దూకేసింది. నేను ఆవిడ లంగా కుచ్చిళ్ళు పట్టుకున్నాను, అవి నా చేతిలోనే చిరిగాయి. నాకు గుర్తున్నదల్లా సేఠ్ గొడుగు నీళ్ళలో తేలిపోవడం, ఆయన కూడా తాడు పట్టుకోవడం. అందరం లాగాం. ముందు అక్క తల వచ్చింది. తర్వాత ఆవిడ చేతిలో వైసేయా జుట్టు.

రోడ్డు మీద వేసి బోర్లా తిప్పితే ఇన్ని నీళ్ళు కక్కి, దగ్గి, బూతులు తిట్టాడు. ఆ బూతులు విని అక్క అక్కడే కూలబడింది. కానీ వాడి ఎడమకాలు నల్లబడుతోంది. మడమ పైన ఒక పీలిక చుట్టుకుపోయి, ఎముక దాకా దిగినట్టుంది. దాని తోక నీళ్ళలోకి, గొట్టంలోకి సాగి ఉంది. కత్తి పెట్టడానికి చోటు లేదు.

"జరగండి, జరగండి," అంటూ సేఠ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన ఒకప్పుడు మార్కెట్టు వరండాలో ఒక్క మిషనుతో కూర్చున్న దర్జీ. దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఇప్పటికీ జేబులో ఉంటుంది. దాని మొన చర్మానికీ గుడ్డకూ మధ్య దూర్చి, ఒక్కొక్క పోగే తెంపడం మొదలుపెట్టాడు. పోగులు తెగుతూ ఉంటే గుడ్డ మీది అచ్చు కనబడింది. పచ్చని ఆకులు, తెల్ల పూలు. హోటల్ వాళ్ళ చొక్కాలవి. పోయిన ఏడాది మొత్తం మేం కుట్టినవి.

ఆయన దాన్ని చూశాడు. అందరం చూశాం.

"సేఠ్," అంది అక్క, రొప్పుతూ. "తానులు మునిగితే ఉతుక్కోవచ్చు. మా అమ్మను ఉతుక్కోలేం."

చివరి పోగు తెగింది. వైసేయా కాలు ఒక్కసారిగా ఎర్రబడింది, వాడు కేకపెట్టాడు. సేఠ్ లేచి నిలబడి, గేటు వైపు తిరిగి, నేను ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"కొయ్! రోడ్డు కొయ్! నా మొహం చూస్తావేంటి, కొయ్యరా!"

యంత్రం రోడ్డు నడుమకు వచ్చింది. మొదటి దెబ్బకు తారు పెళ్ళ లేచింది, రెండోదానికి కంకర. గండి పడేసరికి డ్రైవరుకు వెనక్కి తీసే సమయం లేకపోయింది. బండి ముందుకు ఒరిగింది. వాడు తలుపులోంచి దూకి మా మీద పడ్డాడు. నీళ్ళు రోడ్డును తినేస్తూ వెళ్ళాయి. ఆ చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఫ్యాక్టరీ గేటు వంగి పడిపోయింది. కటింగ్ గది తలుపులు లోపలికి తెరుచుకున్నాయి. కాసేపటికి అవతలి తలుపులోంచి తానులు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి, మడ చెట్ల వైపు తేలిపోయాయి. లలిత నా పక్కన నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నీళ్ళు తగ్గుతున్నాయి. మా కిటికీలు బయటపడ్డాయి, తర్వాత వరండా. గండం గడిచిందనుకున్నాను. కానీ అంతదాకా మా నేలను పైకి పట్టి ఉంచింది ఆ నీళ్ళే. అవి దిగుతూ ఉంటే కిందనుంచి గోనెలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మా వంటిల్లు నా కళ్ళముందే కూర్చున్నట్టు కూర్చుని, వాగులోకి వెళ్ళిపోయింది. అక్క వాళ్ళ ఇంటి స్తంభం ఒకటి గాలిలో వేలాడుతోంది.

"మామా, దిగు! దిగిపో అక్కణ్ణుంచి!"

"ఎక్కడికి దిగనే? నేల ఏదీ?"

లారీకి ఒక కొస కట్టి, తాడు రెండో కొస నడుముకు చుట్టుకుని అక్క దిగింది. ఆవిడ వెనక నేను. ఈసారి ఎవరూ నా జడ పట్టుకోలేదు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. కింద కాలు పెడితే బురద కాదు, మెత్తటి వలలాంటిదేదో పాదాన్ని చుట్టి లాగేది. "కాలు ఈడ్చకు, పైకెత్తి వెయ్యి," అని అక్క వెనక్కి చూడకుండా అరుస్తూనే ఉంది. మాకు పైనుంచి జేబులు, కాలర్లు వచ్చి మొహానికి అతుక్కునేవి. ఒకటి నా నోటికి అడ్డంపడి ఊపిరాడలేదు. పీకి పారేశాను.

మామగారు వరండా అంచున బోర్లా పడుకుని జోష్నాను చేతులకు అందించారు. పిల్ల నా మెడను గోళ్ళు దిగేలా పట్టుకుంది. బూబూ కుర్చీ దగ్గరికి అక్క ఎక్కబోతే ఇల్లు కిర్రుమంది. మామగారు బూబూను వీపు మీద వేసుకుని, పాకుతూ అంచుదాకా వచ్చారు. ఆయనకు డెబ్భై దాటాయి. బూబూ ఆయనకంటే బరువు.

"సుబర్మనీ, నన్ను పడేశావంటే చచ్చాక కూడా నిన్ను వదలను," అంది బూబూ.

"బతికుండగా వదిలావా?" అన్నారు మామగారు, పళ్ళ బిగువున.

తలుపు చెక్క మీద ఆవిణ్ణి పడుకోబెట్టి తాడుతో కట్టాం. సగం దారిలో ఉండగా వెనక పెద్ద చప్పుడైంది. ఎవరమూ తిరిగి చూడలేదు. రోడ్డు ఎక్కాక చూస్తే, అక్క వాళ్ళ ఇల్లు ఉన్నచోట రేకు కప్పు ఒక్కటి, నీటి మీద బోర్లించిన గిన్నెలా, నెమ్మదిగా తిరుగుతోంది. మిగతా నాలుగిళ్ళ వాళ్ళు అదే తాడు మీద, చీకటి పడకముందే, ఇవతలికి చేరారు. అప్పటికి సముద్రం పైకి వచ్చేసింది. కోసిన గండిలో నీళ్ళు ఎటూ పోకుండా నిలబడిపోయాయి.

మనుషులం అందరం మిగిలాం. ఆస్పత్రిలో వైసేయా ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. ఇప్పటికీ ఆ కాలు మీద బరువు మోపలేడు, రేవు పని పోయింది. ఫ్యాక్టరీ చాలాకాలం తెరవలేదు. కూలి లేక ఆడవాళ్ళు పీతలు పట్టడానికి పోతే, ఆ వాగులో పీతలు లేవు. గుట్ట మీది వాళ్ళు కొందరు మాతో మాట్లాడలేదు. లలిత ఒకరోజు గిన్నెతో పప్పు తెచ్చి, గడపలో పెట్టి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. మేం గుడి పక్కనున్న బడి గదిలో ఉండేవాళ్ళం, అక్క వాళ్ళూ మేమూ అదే గదిలో.

రోడ్డు పక్కన లాగిపోసిన గుడ్డ గుట్టలా మిగిలింది. పట్నం వాళ్ళు మాకొద్దన్నారు. ఎవరో తగలబెడదామని కిరసనాయిలు తెస్తే, కెలెరా అక్క ఆ డబ్బా లాక్కుని వాగులో పారబోసింది. చివరికి సేఠే వచ్చి, నా కటింగ్ గదిలో పెట్టండన్నాడు. కటింగ్ గది పై అంతస్తుకు మార్చాడు. కింద ఖాళీగా ఉన్న ఆ పెద్ద హాల్లో బురదగుడ్డ నింపి తాళం వేశాడు. కొత్తగా కోసే ముక్కలు కూడా అక్కడికే.

"ఇది నిండితే?" అంది అక్క.

"నాకు తెలీదు అమ్మాయ్. నిండేలోపు ఎవరైనా ఏదైనా కనిపెట్టాలి. లేకపోతే నేను ఈ గుడ్డ మానెయ్యాలి. అచ్చంగా నూలువే కుడతానంటే ఇప్పటికి ఒక్క బడే ఒప్పుకుంది, అదీ ఇస్త్రీ ఎవరు చేస్తారని గొణుగుతూ."

ఆయన మా వరస ఇళ్ళవాళ్ళకు గుట్ట దిగువన స్థలం చూపించాడు. కెలెరా అక్క తీసుకోలేదు. ముందు ఇంకో పని ఉందంది.

ఆ బురద నేల ఏ ఫిజీ తెగదో, ఆ తెగ పెద్దల ఊరికి మమ్మల్నందరినీ తీసుకెళ్ళింది. పెద్ద గుడిసెలో చాపల మీద కూర్చున్నాం. అక్క మోకాళ్ళ మీద ముందుకు జరిగి, తిమింగలం పన్ను రెండు చేతులతో పట్టుకుని తల వంచింది. అది అక్కడ క్షమాపణ అడిగే పద్ధతి. ఆవిడ వెనక మామగారు. ఆయన వెనక, గుంజకు ఆనుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చిన సేఠ్.

"ఈ నేల మీ తెగది. అందులో మేం కుళ్ళనిది పాతిపెట్టాం. మీ పీతలు పోయాయి, మీ వాగు పూడింది. నేనే తెప్పించాను," అంది అక్క.

పన్ను ఇంకా అక్క చేతుల్లోనే ఉంది. ఆ పన్ను వాళ్ళు ముట్టుకోకపోతే మేం లౌటోకాలోనే తలెత్తుకు తిరగలేం. తెగ పెద్ద పక్కన కూర్చున్న ముసలావిడ, ఆయన అప్పగారట, ముందుకు వంగి అడిగింది.

"ఇంకా ఎంత ఉంది కింద?"

"తెలీదమ్మా. మనిషి లోతు వరకు చూశాం. అక్కడా ఉంది."

"తీస్తారా?"

"తీస్తాం."

"ఎప్పటికి అవుతుంది?"

"అదీ తెలీదు."

ముసలావిడ తమ్ముడి వైపు చూసింది. ఆయన చెయ్యి చాపి పన్ను అందుకున్నాడు. వెనక ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. సేఠ్ అనుకుంటాను.

ఆ శనివారం ఆటు సమయానికి అందరం పారలు, కొక్కేలు పట్టుకుని బురదలో దిగాం. తెగవాళ్ళ కుర్రాళ్ళు కూడా వచ్చారు. వైసేయా గట్టు మీద కుర్చీలో కూర్చుని, ఎవరు ఎలా తవ్వాలో చెబుతూ అందరి చేతా తిట్లు తిన్నాడు. పైకి లాగిన ప్రతిదాన్నీ మామగారు కర్రతో దులిపి లారీలోకి విసిరారు. లలిత వచ్చింది. నా పక్కన నిలబడి, నేను పట్టుకున్న గోనె రెండో కొస పట్టుకుంది.

లారీ ఒకసారి నిండింది, వెళ్ళి వచ్చింది, మళ్ళీ నిండుతోంది. మడ చెట్ల వేళ్ళ కింద నీళ్ళు పైకి రావడం మొదలైంది. అక్క తల ఎత్తి సముద్రం వైపు చూసి, పార బురదలోంచి పీకి, "ఈ గోనె కూడా లాగేద్దాం," అంది.